ఒక్క జంట తక్కువైతే ఆట లేదు: అమెరికా స్క్వేర్ డాన్స్ క్లబ్బులూ వాటి ఊళ్లూ

పాట మొదలవడానికి ముందు హాల్లో అక్కడో చెయ్యి, ఇక్కడో చెయ్యి లేస్తుంది. ఒకాయన రెండు వేళ్లు చూపిస్తాడు. అవతల మూలన ఒకావిడ ఒక్క వేలు. 'మాకింకా రెండు జంటలు కావాలి', 'మాకు ఒక్క జంట చాలు' అని దానర్థం. గోడవారగా కుర్చీల్లో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నవాళ్లు ఆ వేళ్లు చూసి లేచి వెళ్తారు. కాళ్లు నొప్పులని కూర్చుండిపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ ఖాళీ ఉన్న గుంపు పక్కనుంచి చూసీ చూడనట్టు నడిచివెళ్లి, స్నేహితులున్న ఇంకో గుంపులో చేరితే మాత్రం స్క్వేర్ డాన్స్ లోకంలో అది పెద్ద అమర్యాద.

అమెరికాలో చిన్న ఊళ్లలో ఉండే ఇలాంటి క్లబ్బుని 'మీరు ఊరికి ఏం చేస్తారు' అని అడిగితే చెప్పే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. క్రిస్మస్‌కి పేదపిల్లల కోసం బొమ్మలు పోగుచేశాం, ఫుడ్ బ్యాంకుకి డబ్బా సరుకులు ఇచ్చాం, వృద్ధాశ్రమంలో ఆడి చూపించాం, ఊరి పరేడ్‌లో ట్రెయిలర్ ఎక్కి ఆడాం. అన్నీ నిజమే, మంచి పనులే. అయితే ఇవి లయన్స్ క్లబ్బూ చేస్తుంది, చర్చీ చేస్తుంది, హైస్కూలు పిల్లలూ చేస్తారు. స్క్వేర్ డాన్స్ క్లబ్బు మాత్రమే చేయగలిగిన పని ఏదైనా ఉందా అని వెతికితే నాకు కనిపించేది ఆ పైకెత్తిన వేలు. చిక్కేమిటంటే, ఊరికీ క్లబ్బుకీ మధ్య గోడ లేచింది కూడా అక్కడినుంచే. ఆ చిక్కు విప్పాలంటే ముందు ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

ఎనిమిదిమంది లెక్క

బతుకమ్మ ఆడేటప్పుడు వలయంలోకి ఎవరైనా వచ్చి చేరొచ్చు. పదిమందితోనైనా సాగుతుంది, రెండొందలమందితోనైనా సాగుతుంది. చంటిపిల్ల ఏడ్చిందని ఒకావిడ మధ్యలో పక్కకెళ్తే ఆ ఖాళీ దానంతటదే పూడుకుంటుంది. స్క్వేర్ డాన్స్‌లో ఆ వెసులుబాటు లేదు. నాలుగు జంటలు నాలుగు గోడలకు వీపు పెట్టి, మధ్యకు మొహం తిప్పి నిలబడాలి. ఏడుగురుంటే ఆట లేదు. తొమ్మిదో మనిషికి చోటు లేదు.

కోలాటం దీనికి కాస్త దగ్గరి చుట్టం. గురువు చెప్పగానే జట్టంతా ఒక కోపులోంచి ఇంకో కోపులోకి మారుతుంది. కానీ కోలాటం జట్టు ఆ కోపుల వరసను ముందే సాధన చేసి వస్తుంది. ఈ డాన్స్‌లో తర్వాత ఏమొస్తుందో ఆడేవాళ్లకు తెలియదు. మైకు పట్టుకుని వేదిక మీద నిలబడ్డ 'కాలర్' (చొక్కాది కాదు, పిలుపు ఇచ్చే మనిషి) అప్పటికప్పుడు ఒక్కో కదలిక పేరు చెబుతూ పోతాడు. అలమాండ్ లెఫ్ట్, డూ సీ డూ, ప్రామెనేడ్, స్వింగ్ త్రూ... చెవిన పడ్డ రెండు మూడు క్షణాల్లో ఎనిమిదిమందీ చేసేయాలి. అప్పటికి తర్వాతి పిలుపు వచ్చేస్తుంది. ఎనిమిదిమందినీ ఎన్నిరకాలుగా కలగాపులగం చేసినా చివరికి ఎవరి జంట దగ్గరికి వాళ్లను, ఎవరి చోటికి వాళ్లను చేర్చడం కాలర్ పనితనం. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఈ డాన్స్‌కి ఎందుకు అతుక్కుపోతారో దీన్నిబట్టే తెలుస్తుంది. బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలోని ఎంఐటీలో 1967 నుంచి టెక్ స్క్వేర్స్ అనే క్లబ్బు నడుస్తోంది. విద్యార్థులు అక్కడ ఈ డాన్స్ నేర్చుకుని వ్యాయామ విద్య కింద లెక్క చూపించుకోవచ్చు. క్యాంపస్‌తో సంబంధం లేని ఊరివాళ్లు కూడా అందులో ఆడతారు.

ఒకరు తప్పు తిరిగితే? చతురస్రం మొత్తం కూలిపోతుంది. 'కూలిపోవడం' అనే మాటే వాళ్లూ వాడతారు. అప్పుడు ఎవరు తప్పు చేశారని వెతకరు. ఎనిమిదిమందీ గబగబా జంటలుగా మారి, నలుగురు ఒకవైపు, నలుగురు ఎదురుగా రెండు వరసలు కట్టి చేతులు పట్టుకుని నిలబడతారు. మిగతా హాలు ఆడుతూ ఆడుతూ అదే ఆకారానికి వచ్చినప్పుడు వీళ్లు మళ్లీ అందులో కలిసిపోతారు. పాట ఆగదు, కాలర్ ఆగడు. మొదటిసారి చూసినప్పుడు ఇదేదో చిన్న విషయంలా ఉంటుంది. ఆలోచిస్తే, పదిమందిలో తప్పు చేసిన మనిషిని పరువు పోకుండా వెనక్కి తెచ్చే ఏర్పాటు ఆటలోనే పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. ఒక విడతను 'టిప్' అంటారు. సాధారణంగా దానికి రెండు భాగాలు. మొదటిది మెదడుకి పని చెప్పేది, రెండోది పాటతో పాటు సాగేది. ఈ రెండోదాన్లో ప్రతి చరణం చివర జంట మారిపోతుంది. మీ పక్కన అటువైపు నిలబడ్డ మనిషి ఇప్పుడు మీ జంట. నాలుగుసార్లు మారాక మీతో వచ్చిన మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. అంటే భార్యాభర్తలు వచ్చినా, ఒంటరిగా వచ్చిన పెద్దాయన వచ్చినా, ఒక్క పాటలో ఆ చతురస్రంలోని అందరితోనూ చెయ్యి కలపక తప్పదు. పరిచయాలు పెంచుకోండి అని బోర్డు పెట్టనక్కర్లేదు. విడత అవగానే ఎనిమిదిమందీ మధ్యకొచ్చి చేతులు కలిపి ఒకరికొకరు థాంక్యూ చెప్పుకుంటారు. పదినిమిషాల విరామం, మళ్లీ కొత్త గుంపు.

2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం విషయంలో దేశానికి ప్రధాన వైద్యుడు) వివేక్ మూర్తి ఒంటరితనాన్ని దేశవ్యాప్త ఆరోగ్య సమస్యగా ప్రకటిస్తూ ఒక నివేదిక విడుదల చేశారు. మనిషి మనిషితో కలవకపోవడం వల్ల ఒంటికి జరిగే నష్టాన్ని రోజుకి 15 సిగరెట్లు తాగడంతో పోల్చారు. దానికి మందు అని చాలామంది చాలా చెబుతారు. నా మటుకు నాకు, 'నువ్వొస్తే బాగుంటుంది' అనడానికీ 'నువ్వు రాకపోతే ఏడుగురం ఊరికే నిలబడాలి' అనడానికీ చాలా తేడా ఉంది. భార్య పోయిన డెబ్బయ్యేళ్ల మనిషికి మొదటిది ఓదార్పు. రెండోది వారానికొక పని.

76 శాతం ఫార్వర్డు

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి ఒక వాట్సాప్ ఫార్వర్డు సంగతి తేల్చేద్దాం. 'డాన్స్ చేస్తే మతిమరుపు వ్యాధి 76 శాతం తగ్గుతుంది' అని తిరుగుతూ ఉంటుంది. స్క్వేర్ డాన్స్ క్లబ్బుల కరపత్రాల్లోనూ ఇది కనిపిస్తుంది. ఆ అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలోది. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించారు. అందులో 124 మందికి డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు వ్యాధి, వచ్చింది. ఈత, నడక, సైకిలు లాంటి ఒంటి పనులన్నిట్లో డాన్స్ ఒక్కదానికే తక్కువ ముప్పుతో సంబంధం కనిపించింది.

సంబంధం కనిపించింది, అంతే. డాన్స్ వల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నవాళ్లే డాన్స్ మానకుండా ఉన్నారా అన్నది ఇలాంటి పరిశీలనతో తేలదు. పైగా అది స్క్వేర్ డాన్స్ మీద చేసిన పరీక్ష కూడా కాదు. కాబట్టి మందుబిళ్ల లెక్కలో చెప్పకూడదు. పిలుపు విని, అర్థం చేసుకుని, ఏడుగురితో కలిసి కదలడం మెదడుకి మంచి కసరత్తు అనడం వరకూ ఎవరూ కాదనరు.

అందరి ఆట క్లబ్బు ఆట ఎలా అయింది

ఇంగ్లండు పల్లె నృత్యాలు, ఫ్రాన్సు నుంచి వచ్చిన క్వాడ్రిల్, కొటిలియన్ అనే జంట నృత్యాలు అమెరికాలో కలిసి ఈ చతురస్రం పుట్టింది. అయితే పక్కన నిలబడి అడుగులు పిలిచే అలవాటు, ఇప్పుడు దీనికి ప్రాణం అనుకుంటున్నదే, నల్లజాతి ఫిడేలు వాద్యకారుల నుంచి వచ్చిందని చరిత్రకారులు చెబుతున్నారు. తెల్లవాళ్ల ఇళ్లలో విందులకు వాయించింది వాళ్లే, పిలిచిందీ వాళ్లే. తర్వాతి కాలంలో కౌబాయ్ టోపీలు, బోలో టైలు వచ్చాక ఈ ముక్క మరుగున పడింది.

1920ల్లో కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ దీన్ని భుజానికెత్తుకున్నాడు. బెంజమిన్ లవెట్ అనే నాట్యాచార్యుణ్ని మిషిగన్‌లోని డియర్‌బార్న్‌కి రప్పించి, స్కూలు పిల్లలకు పాతకాలపు డాన్సులు నేర్పించాడు. 1937లో లవెట్ పేరుతో హాలే కట్టించాడు. ఆయనకు ఈ డాన్స్ మీద ప్రేమ నిజమే. అదే ఫోర్డ్ తన పత్రికలో జాజ్ సంగీతాన్ని యూదులు చేస్తున్న కుట్రగా రాయించాడన్నదీ నిజమే. అందుకే స్క్వేర్ డాన్స్ అనగానే కొంతమంది అమెరికన్లకు స్కూలు వ్యాయామ పీరియడూ, దాని వెనకున్న ఈ కథా రెండూ గుర్తొస్తాయి. దీన్నంతా ఫోర్డ్ ఖాతాలో వేసేయడం కూడా సబబు కాదు. కొలరాడో స్ప్రింగ్స్‌లో లాయిడ్ షా అనే స్కూలు సూపరింటెండెంట్ పడమటి డాన్సులను సేకరించి, 1939లో పుస్తకంగా వేసి, వేసవి తరగతుల్లో ఎందరో కాలర్లను తయారుచేశాడు. ఇప్పటి క్లబ్బు డాన్స్‌కి అసలు మూలపురుషుడు ఆయనే అనాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మైకు, గ్రామఫోను రికార్డు, కారు మూడూ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఒక్క కాలర్ ఒక పెద్ద హాలును నడపగలిగాడు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నడివీధిలో 15 వేలకు పైగా జనం ఆడారు. 1952లో రివర్‌సైడ్‌లో మొదలైన జాతీయ సమ్మేళనానికి 1976 నాటికి అనహైమ్‌లో దాదాపు 40 వేల మంది వచ్చారు. ఆరెగాన్ 1977లో, వాషింగ్టన్ 1979లో దీన్ని రాష్ట్ర నృత్యంగా ప్రకటించుకున్నాయి. 1982లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో రెండేళ్లపాటు, 1982, 83లకు, ఇది జాతీయ జానపద నృత్యం అయింది. దాన్ని శాశ్వతం చేయాలని తర్వాత ఎన్ని బిల్లులు పెట్టినా ఒక్కటీ చట్టం కాలేదు. ఇన్ని జాతుల దేశానికి ఒక్క డాన్స్ ఎలా జాతీయం అవుతుందని జానపద పండితులే అడ్డుపడ్డారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనదే.

ఆట పెరిగిన ఆ ముప్పయ్యేళ్లలోనే తలుపు మూసుకోవడం మొదలైంది. ఆడేవాళ్లు రాటుదేలేకొద్దీ కాలర్లు కొత్త కదలికలు కనిపెట్టసాగారు. పత్రికల్లో నెలనెలా కొత్తవి వచ్చేవి. ఒక ఊళ్లో తెలిసినది పక్క ఊళ్లో తెలియదు. ఈ గందరగోళాన్ని సర్దడానికి కాలర్లంతా కలిసి 1974లో కాలర్‌ల్యాబ్ అనే సంస్థగా ఏర్పడి మెట్లు కట్టారు. మెయిన్‌స్ట్రీమ్ అంటే 70కి దగ్గరగా పిలుపులు. ప్లస్ అంటే ఇంకో 30 దాకా. ఆపైన అడ్వాన్స్‌డ్, చాలెంజ్. ఈ సర్దుబాటు వల్ల వచ్చిన లాభం అసాధారణం. పిలుపులన్నీ ఎక్కడైనా ఇంగ్లీషులోనే, అర్థం ఎక్కడైనా ఒకటే. ఆరెగాన్‌లో నేర్చుకున్న మనిషి జపాన్‌కో జర్మనీకో వెళ్లి, అక్కడి భాష ఒక్క ముక్క రాకపోయినా, సాయంత్రం క్లబ్బుకెళ్లి ఆడి రావచ్చు.

నష్టం? ఊరి డాన్స్‌కి వెళ్లాలంటే ముందు నెలల తరబడి క్లాసుకెళ్లాల్సి వచ్చింది. సెప్టెంబరులో మొదలుపెడితే వసంతం వచ్చేదాకా ప్రతివారం. శనివారం సాయంత్రం హాలు ముందునుంచి వెళ్తూ పాట విని లోపలికొచ్చిన మనిషికి 'కూర్చుని చూడండి, సెప్టెంబరులో రండి' అని చెప్పడం తప్ప దారి లేదు. తెలియనివాణ్ని చతురస్రంలో నిలబెడితే ఏడుగురి ఆట పోతుంది. ఎవర్నీ వదులుకోలేని లెక్కే ఎవర్నీ తేలిగ్గా రానివ్వని లెక్కా అయింది.

తలుపు దగ్గర ఎవరుండిపోయారు

క్లాసులు ఒక అడ్డం. దుస్తులు రెండోది. ఆడవాళ్లకు గంపలా విచ్చుకునే పెటికోటు, మగవాళ్లకు పొడుగుచేతుల వెస్టర్న్ చొక్కా చాలాకాలం తప్పనిసరి. చూడ్డానికి అందంగానే ఉండేది, ఖర్చూ అలాగే ఉండేది. ఇప్పుడు చాలా క్లబ్బులు సడలించాయి. మూడోది జంట. 'జంటగా రండి' అన్న షరతుతో ఒంటరివాళ్లు, అంటే ఈ ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే, బయట ఉండిపోయారు. నాలుగోది ఎవరూ కాగితం మీద పెట్టనిది. నల్లజాతివాళ్ల చేతుల్లో పుట్టిన పిలుపుతో నడిచే ఈ క్లబ్బుల్లో సభ్యులు దాదాపు తెల్లవాళ్లే. స్కూళ్లూ హోటళ్లూ రంగును బట్టి విడదీసిన కాలంలో పెరిగిన క్లబ్బులకు ఆ ఛాయ అంటకుండా ఎలా ఉంటుంది?

బయట ఉండిపోయినవాళ్లు ఊరుకోలేదు. 1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో గే, లెస్బియన్ డాన్సర్లు సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. 1983లో అవన్నీ కలిసి ఒక అంతర్జాతీయ సంఘం అయ్యాయి. న్యూయార్క్‌లోని క్లబ్బు 'టైమ్స్ స్క్వేర్స్' అని పేరు పెట్టుకుంది, చమత్కారం చూడండి. మగ అడుగులు మగవాళ్లే వేయాలన్న నియమం అక్కడ లేదు. ఎవరు ఏ పక్కనైనా నిలబడొచ్చు, దుస్తుల గొడవ లేదు, జంట అక్కర్లేదు. బార్లు తప్ప కలుసుకునే చోట్లు పెద్దగా లేని రోజుల్లో, మందు లేకుండా మనుషులు చేతులు పట్టుకునే చోటు వాళ్లకెంత అవసరమో ఊహించుకోవచ్చు. ఆడేముందు మందు ముట్టకూడదన్నది మామూలు స్క్వేర్ డాన్స్ క్లబ్బుల్లోనూ పాత కట్టుబాటే. వంద అడుగుల మధ్య ఒక్క అడుగు తూలినా ఏడుగురికి దెబ్బ కదా.

ఇలాగే మానసిక వికలాంగుల కోసం, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్ల కోసం నడిచే గుంపులు కూడా ఉన్నాయి. పిలుపులు అవే, వేగం తక్కువ. మామూలు క్లబ్బుల సభ్యులు వెళ్లి వాళ్ల చతురస్రాల్లో ఖాళీలు నింపుతారు. కొత్తవాళ్ల క్లాసులకు ఇలా సాయంగా వచ్చే అనుభవజ్ఞుల్ని 'ఏంజెల్స్' అంటారు. తమకు ఎప్పుడో వచ్చేసిన మొదటి పాఠాన్ని ఏటా మళ్లీ మళ్లీ ఆడటానికి వారానికొక సాయంత్రం ఇచ్చే మనుషులు. పరేడ్ ట్రెయిలర్ కంటే నేను దీన్ని పెద్ద సేవ అంటాను. ఫొటోల్లో పడదు కాబట్టి ఎవరూ చెప్పుకోరు.

డబ్బు, పన్ను, హాలు

ఊహకు ఒక లెక్క వేద్దాం. హాలు అద్దె 60 డాలర్లు, కాలర్‌కి 150. మొత్తం 210. తలా 8 డాలర్లు పెడితే 27 మంది రావాలి. మూడు చతురస్రాలకు 24 మందే పడతారు. ముగ్గురు కూర్చోవాలి. 24 మందే వస్తే ఆట నిండుగా ఉంటుంది, డబ్బు 18 డాలర్లు తక్కువ పడుతుంది. క్లబ్బు కోశాధికారి టెన్షన్ అంతా ఈ మూడు తలకాయల చుట్టూ తిరుగుతుంది. విరామంలో అమ్మే కేకులు, గోడ పక్కన పెట్టిన చిన్న రాఫెల్ (లాటరీ చీటీల) డబ్బా అందుకే.

ఫుడ్ బ్యాంకుకి సరుకులు పోగుచేసే క్లబ్బు కదా, ధర్మసంస్థే అనుకుంటాం. అమెరికా పన్నుశాఖ అలా అనుకోదు. సభ్యులు తమ సరదా కోసం తమ డబ్బుతో నడుపుకునేది సామాజిక క్లబ్బు, పన్ను చట్టంలో దాని నంబరు 501(సి)(7). దీనికిచ్చిన చందాకు పన్ను మినహాయింపు లేదు. విద్య, దానధర్మం ముఖ్యోద్దేశమైతే 501(సి)(3), చందాకు మినహాయింపు ఉంటుంది. డాన్స్ నేర్పడం విద్యా, సరదానా? ఇదీ చిక్కు. కొన్ని క్లబ్బులు ఇటు, కొన్ని అటు ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. తెలుగు సంఘానికి ఇచ్చిన చందాకు కంపెనీ నుంచి మ్యాచింగ్ (కంపెనీ కూడా జతగా ఇచ్చే చందా) కావాలంటే ఫారంలో అడిగేది ఆ మూడో నంబరు గురించే. చందాల ఆశ లేని ఏడో నంబరు క్లబ్బుకి మిగిలేది తలుపు దగ్గర వసూలయ్యే డాలర్లే. కొత్తవాళ్లు రాకపోతే అది ఎంత తొందరగా ఎండిపోతుందో ఇక్కడే అర్థమవుతుంది.

హాలు సంగతి కొద్దిగా వివరంగా చెప్పాలి. చర్చి భూగర్భ హాలు, స్కూలు భోజనశాల, రైతుల పాత సంఘం 'గ్రేంజ్' హాలు. ఇవీ క్లబ్బులు ఆడే చోట్లు. గ్రేంజ్ 1867లో పుట్టిన సంఘం. ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఇప్పటికీ ఊరి మధ్య చెక్క నేలతో ఉన్న ఆ హాళ్లు కనిపిస్తాయి. వ్యవసాయం చేసేవాళ్లు తగ్గాక వాటికి కప్పు బాగుచేయించుకోవడమే కష్టం. వారం వారం తప్పకుండా అద్దె కట్టే, మందు తాగని, కుర్చీలు తిరిగి సర్దిపెట్టి చెక్కనేల తుడిచి వెళ్లే అద్దెదారు దొరకడం అలాంటి హాలుకి మామూలు విషయం కాదు. క్లబ్బు ఉన్నందువల్ల హాలు నిలబడుతుంది. హాలు నిలబడ్డందువల్ల ఊళ్లో పెళ్లి విందుకీ, ఎన్నికల సభకీ, రక్తదాన శిబిరానికీ చోటుంటుంది. క్లబ్బు చేసే సేవల లెక్కలో ఇది ఎక్కడా రాయరు.

హాలువాళ్లు బీమా కాగితం అడుగుతారు. ఎవరైనా జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే బాధ్యత ఎవరిదని. ఒక్క చిన్న క్లబ్బు సొంతంగా బీమా తీసుకోవాలంటే తలకు మించిన ఖర్చు. అందుకే క్లబ్బులు రాష్ట్ర సమాఖ్యల్లోనూ, వాటి మీదున్న జాతీయ సమాఖ్యలోనూ చేరతాయి, బీమా అక్కడ మూకుమ్మడిగా దొరుకుతుంది. సమాఖ్య అనగానే పెద్ద ఆశయాలు అనుకుంటాం గానీ, చాలాచోట్ల దాన్ని నిలబెడుతున్నది ఆ కాగితమే.

జెండా దొంగతనం

క్లబ్బుకీ క్లబ్బుకీ మధ్య ఒక సరదా ఆచారం ఉంది. ప్రతి క్లబ్బుకీ ఒక బ్యానర్ ఉంటుంది, హాల్లో గోడకి వేలాడుతుంది. పక్క ఊరి క్లబ్బు నుంచి ఎనిమిదిమంది, అంటే సరిగ్గా ఒక చతురస్రం, మీ డాన్స్‌కి వచ్చి ఆడితే వెళ్తూ వెళ్తూ మీ బ్యానర్ పట్టుకుపోవచ్చు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే మీరూ ఎనిమిదిమందిని కూడగట్టుకుని వాళ్ల ఊరెళ్లి ఆడాలి. నియమాలు చోటును బట్టి కాస్త మారతాయి. పైకి పిల్లలాటలా ఉంటుంది. కోశాధికారి కళ్లతో చూస్తే, ఆ ఎనిమిదిమంది తలా 8 డాలర్లు చొప్పున తెచ్చింది 64 డాలర్లు, హాలు అద్దె వచ్చేసింది. దొంగ ఎంత మంచివాడో!

కానీ దీన్లో ఒక లోటుంది. బ్యానర్ తిరిగినన్నాళ్లూ తిరిగేది అదే మనుషుల మధ్య. ఈ ఊరి ఎనిమిదిమంది ఆ ఊరెళ్తారు, ఆ ఊరివాళ్లు ఈ ఊరొస్తారు. డాన్సర్ల కుటుంబం గట్టిపడుతుంది. క్లబ్బు ఎదురుగా ఉన్న ఇంటివాళ్లకు మాత్రం లోపల ఏం జరుగుతోందో తెలియదు. చాలా క్లబ్బుల్లో సభ్యుల వయసు 70 దాటడానికి ఇదొక కారణం. చేతులు పట్టుకోకుండా ఆడలేని ఆట కాబట్టి కోవిడ్ వచ్చాక హాళ్లన్నీ మూతపడ్డాయి. కొందరు వంటగదిలో ల్యాప్‌టాప్ ముందు ఇద్దరే నిలబడి, మిగతా ఆరుగురినీ ఊహించుకుంటూ ఆడారు. తెరుచుకోవచ్చని చెప్పినప్పుడు కొన్ని క్లబ్బుల్లో తాళం తీసేవాళ్లే లేకపోయారు.

తలుపు తెరవడానికి ఇప్పుడు రెండు దార్లు నడుస్తున్నాయి. ఒకటి, కాలర్‌ల్యాబ్ తెచ్చిన 'సోషల్ స్క్వేర్ డాన్సింగ్' పద్ధతి. 50 పిలుపులు, 12 వారాల్లో నేర్చుకోవచ్చు, ఏడాదికి రెండు మూడుసార్లు కొత్త బ్యాచ్ పెట్టొచ్చు. రెండోది ఇంకా పాతది: ఎవరైనా రావచ్చు, క్లాసు అక్కర్లేదు, పది పన్నెండు తేలిక కదలికలు అక్కడికక్కడే నేర్పి ఒక్క సాయంత్రం ఆడించడం. పెళ్లిళ్లకీ, స్కూలు నిధుల సేకరణకీ కాలర్లు ఇలాగే వెళ్తారు. పాత సభ్యుల్లో కొందరికి రెండూ నచ్చవు. ఇన్నేళ్లు కష్టపడి నేర్చుకున్నది ఎక్కడికి పోవాలని వాళ్ల బాధ. వందకి పైగా పిలుపులు ఒంటబట్టిన మనిషికి పన్నెండింటితో ఆడమంటే విసుగొస్తుంది, ఆ విసుగు అర్థం కానిది కాదు. నన్నడిగితే 12 వారాలదే సరైన దారి. ఒక్క సాయంత్రపు డాన్స్‌లో నవ్వులుంటాయి గానీ, వచ్చేవారం మీరు లేకపోతే ఎవరికీ తెలియదు. 12 వారాలు కలిసి తప్పులు చేసినవాళ్లకు తెలుస్తుంది.

మీరుండే అమెరికా ఊళ్లో క్లబ్బు ఉంటే ఆగస్టు చివర్లో లైబ్రరీ నోటీసు బోర్డు మీద చిన్న కాగితం కనిపిస్తుంది. మొదటి ఒకటి రెండు వారాలు చాలాచోట్ల ఉచితం. జంట లేకపోయినా ఫరవాలేదని ఇప్పుడు ఎక్కువమంది అందులోనే రాస్తున్నారు. జారని, నేలకు అతుక్కోని చెప్పులు వేసుకెళ్లండి. కుడి ఏదో ఎడమ ఏదో మొదటి గంటలో మర్చిపోతారు, అందరూ మర్చిపోయినవాళ్లే. అవతల మూలన ఎవరైనా ఒక్క వేలు చూపిస్తుంటే మాత్రం కుర్చీలోంచి లేవండి, ఏంజెల్ ఒకరు మీతో జంటగా నిలబడతారు.